బురుల్చా అక్క ఆవునమ్మి కొన్న బేస్ పెట్టె

బురుల్చా అక్క ఆవును అమ్మేసిందని డ్రమ్ములు వాయించే జోల్దోష్ పరుగెత్తుకొచ్చి చెప్పాడు. చెప్పి ఊరుకోలేదు. "ఆవునమ్మేసి అంబా అనే పెట్టె కొంటుందంట మేలిస్ అన్నా!" అని పడీపడీ నవ్వాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఆ ఆవును అమ్మించింది నేనే.

మాది కరకోల్ ఊళ్ళో ముగ్గురం కలిసి నడుపుకునే వాద్యబృందం. పెళ్ళిళ్ళకూ, పసిపిల్లల ఉయ్యాల పండగలకూ వాయిస్తాం. నేను కీబోర్డు వాయిస్తూ పాడతాను. జోల్దోష్ డ్రమ్ములు. బురుల్చా అక్కది బేస్ గిటారు, అంటే నాలుగే నాలుగు లావు తీగలది. పాటకి అడుగున నడుస్తూ మిగతా అందరినీ మోస్తుంది. అక్క మోసేదే గానీ అది ఎవరికీ వినిపించేది కాదు. ఎప్పుడో మూతపడ్డ సినిమా హాల్లో తెర వెనక ఉండే పాత స్పీకరు పెట్టె ఆమె వాటాకి వచ్చింది. పాతికేళ్ళుగా దానితోనే లాక్కొస్తోంది. తీగ మీటితే ఆ పెట్టె ముందు బుర్రుమనేది, తరవాత దగ్గేది, అసలు స్వరం పాట అయిపోయాక ఎప్పటికో వచ్చేది.

పోయిన చలికాలం నేను కొత్త కీబోర్డు కొన్నాను. అందులో ఎడమ చేతివైపు మీటలకి బేస్ గొంతు పెట్టుకునే వీలుంది. వసంతంలో ఒక పెళ్ళిలో అక్క పెట్టె పూర్తిగా మూగబోయింది. నేను ఎడమచేత్తో ఆ పని కానిచ్చేశాను. ఎవరూ గమనించలేదు. ఆ ఎవరూ గమనించకపోవడమే నా బుర్ర తొలిచేసింది. మనిషికి ఆశ పుట్టిందంటే సిగ్గు దానంతటదే పక్కకి తప్పుకుంటుంది కదా. రొట్టెల కర్మాగారం గేటు దగ్గర అక్కని పట్టుకుని అనేశాను.

"అక్కా, ఏమనుకోకు. జూన్‌లో కర్కిరా పచ్చికబయళ్ళలో సతార్ తాత మనవడి పెళ్ళి ఉంది కదా. ఆ రోజు నీ బేస్ జనానికి వినబడిందా, సరే. వినబడలేదనుకో, ఇకమీదట నా ఎడమ చెయ్యే ఆ పని చూసుకుంటుంది. మనం ఇద్దరమైపోతాం."

అక్క మోచేతుల దాకా పిండి. సంతలో దూడని చూసినట్టు నా ఎడమ చేతిని ఎగాదిగా చూసింది.

"ఆ చేత్తో నువ్వు చొక్కా గుండీ తిన్నగా పెట్టుకోలేవు. అది నా పని చేస్తుందంట్రా?"

"చేసింది కదక్కా మొన్న."

అక్క చేతులు దులుపుకుని లోపలికి వెళ్ళిపోయింది. వారం తిరక్కుండా ఆవును అమ్మేసింది. టీలోకి పాలేవని వాళ్ళాయన అడిగితే పాలపొడి డబ్బా చూపించిందట.

ఆమెకి అప్పటికి యాభై నాలుగేళ్ళు. పదిహేడో ఏట రొట్టెల కర్మాగారంలో చేరింది. ఆ రోజుల్లో కర్మాగారానికి ఒక సంగీత బృందం ఉండేది. వాయిద్యాలొచ్చిన రోజు మగపిల్లలు గిటార్ల మీద పడ్డారు. ఎవరికీ అక్కర్లేని ఈ నాలుగు తీగలది మూల మిగిలిపోయింది. "ఆ పిండి కలిపే పిల్లకివ్వండి, పాడైతే పోనీ" అన్నాడట మాస్టారు. పిండి పిసికిన వేళ్ళకి ఆ తీగలు లొంగాయి. ఇరవై ఒకటో ఏట పెళ్ళయింది. కోడలు కరెంటు వాయిద్యం పట్టుకుంటే చుట్టాలు నవ్విపోతారని అత్తగారు అంది. ఎనిమిదేళ్ళు అక్క తలుపు దగ్గర నీళ్ళు కాగే సమోవార్ పక్కన కూర్చుని వచ్చేపోయేవాళ్ళకి టీ పోసింది. ఒక చేత్తో పోస్తూ రెండో చేతి వేళ్ళు మోకాలి మీద ఆడిస్తూనే ఉండేది. చివరికి అత్తగారికే విసుగొచ్చింది. "ఆ వేళ్ళకేదో రోగముంది. వెళ్ళి ఆ దిక్కుమాలినదాన్ని తెచ్చుకో, ఆ టకటక నేను చూడలేకపోతున్నా" అని తనే పంపించింది. ఈ కథ అక్క చెప్పినప్పుడల్లా అత్తగారి గొంతు పెట్టి మరీ చెబుతుంది.

పెట్టె కొనడానికి నేనే నా వ్యానులో రాజధాని బిష్కెక్‌కి తీసుకెళ్ళాను. నన్నెందుకు అడిగిందో నాకిప్పటికీ తెలియదు. పందెం కట్టినవాడినే బండి తోలమన్నట్టుంది. తెల్లవారుజామున బయలుదేరాం. దారంతా అక్క ఒక్క క్షణం కుదురుగా లేదు. సరస్సు పక్కన వెళుతున్నంతసేపూ బేస్ గురించే మాట్లాడింది. శబ్దం పెంచే యంత్రం ఒకటి, పెట్టె ఒకటి, రెండూ విడివిడిగా కొంటుందట. యంత్రం ఊపిరితిత్తులు, పెట్టె గొంతు అట. ఊపిరి ఎంతున్నా గొంతు చిన్నదైతే ఈల తప్ప పాట రాదట.

"మరి ఎంత పెద్ద గొంతు కొంటావక్కా?"

"పిండి బస్తా బరువు దాటకూడదు. నేను ఒక్కదాన్ని ఎత్తగలగాలి. నీలాంటివాడు సాయం పడతాడని కొనుక్కుంటే రోడ్డు మీద నిలబడాలి."

దుకాణం ఒక నేలమాళిగలో ఉంది. సిమెంటు గోడలు, తక్కువ కప్పు. నడిపేది గేనా అని జుట్టు ముడేసుకున్న ఒక రష్యను కుర్రాడు. మంచివాడే గానీ నోరు మూతపడదు. ముందుగా ఎనిమిది స్పీకర్లున్న పెట్టె చూపించాడు. మా ఇంటి తలుపంత ఉంది. అక్క దాన్ని ఒక పక్క ఎత్తి చూసి కిందపెట్టేసింది.

"ఇది బస్తాన్నర. తరవాతది."

తరవాతది పదిహేను అంగుళాల ఒంటి స్పీకరుది. గేనా తీగ తగిలించి బొత్తాలు తిప్పాడు. అక్క ఒక్క స్వరం మీటింది. అబ్బ! నేలమాళిగంతా గుండ్రంగా నిండిపోయింది. నా కడుపులో పొద్దున తిన్న రొట్టె కదిలింది. జన్మలో అక్క బేస్ నేను అలా వినలేదు. ఆ మాట చెప్పడానికి నాకు కొంచెం సిగ్గేసింది కూడా.

"ఇదేనక్కా! ఇంక చూడక్కర్లేదు!" అని అరిచాను. నేను ఎవరి పక్షమో ఆ క్షణం మర్చిపోయాను.

"పదేసి అంగుళాల స్పీకర్లు నాలుగున్నది కూడా పెట్టు నాయనా" అంది అక్క.

అది పెట్టాడు. దీని గొంతు ఎండిన రొట్టెలా ఉంది. స్పష్టంగానే ఉంది కానీ ఆ నిండుదనం లేదు. గేనా పెదవి విరిచాడు. నేనూ విరిచాను. అక్క మాత్రం తల పక్కకి వంచి వింది.

"రెండూ బయటికి మోయండి."

"బయటికా?" గేనా కళ్ళు పెద్దవి చేశాడు. "బేస్ పెట్టెని ఎవరూ వీధిలో వినరండీ!"

"నేను వాయించేది పచ్చికబయళ్ళలో నాయనా. అక్కడ నీ గోడలుండవు. ఇక్కడ మోగుతున్నది పెట్టో గోడో నాకు తెలియాలి కదా."

గేనా పొడుగు తీగ వెతకడానికి వెళ్ళాడు.  ముప్ఫై ఏళ్ళుగా వాయిస్తున్నా నాకిది తట్టలేదు.

రెండు పెట్టెలూ వెనక సందులోకి మోశాం. పొడుగు తీగతో కరెంటు లాగాం. అక్క నాతో అంది, "మేలిస్, నువ్వు వెనక్కి తిరక్కుండా నడుచుకుంటూ పో. బేస్ వినపడ్డం ఆగిపోగానే టోపీ ఎత్తు." మా గొర్రెలకాపర్లు కేకలు ఎంత దూరం పోతాయో చూసుకునే పద్ధతే అది.

ముందు ఒంటి స్పీకరుది. నడిచాను. చెత్తకుండీ దాటాను. మాంసం కూరిన సమ్సాలు కాల్చే పొయ్యి దగ్గరికి వచ్చేసరికి చెవిలో ఏదో మసక మసకగా ఉంది తప్ప స్వరం లేదు. నా తెల్ల కల్పక్ టోపీ ఎత్తాను. నేలమాళిగలో కడుపు కదిలించిన పెట్టె ఇదేనా అనిపించింది. ఉసూరుమంటూ వెనక్కొచ్చాను.

తరవాత నాలుగు స్పీకర్లది. నడిచాను. చెత్తకుండీ, సమ్సా పొయ్యి. స్వరాలు ఒకటొకటీ విడివిడిగా, మెట్లు దిగుతున్నట్టు వస్తున్నాయి. సందు మలుపు తిరిగాను. ఇంకా వస్తున్నాయి. సమ్సాలవాడు పటకారుతో పొయ్యి మీద లయ కొడుతున్నాడు. పెద్దరోడ్డు మీద బస్సు స్టాపు దాకా వెళ్ళిపోయాను. బస్సు వచ్చి ఆగితే గానీ నాకు టోపీ ఎత్తే పని పడలేదు. బస్సు వెళ్ళిపోయాక మళ్ళీ వినిపించింది! నేను సందులోకి పరుగున వచ్చాను. నలభై ఆరేళ్ళవాణ్ణి, పొట్టేసుకుని, నడివీధిలో పరుగు!

"బస్సు స్టాపు అక్కా! బస్సు స్టాపు దాకా!"

"అరవకు. నాకు ముందే తెలుసు" అంది గానీ ఆమె మొహం పొయ్యిలోంచి తీసిన రొట్టెలా వెలిగిపోతోంది. పెట్టెని రెండు చేతులా ఎత్తి చూసింది. "బస్తాకి తక్కువే."

యంత్రం ఎంచుకోవడం దగ్గర గేనా ఇంకో పాచిక వేశాడు. ఇదే పెట్టె నాలుగు ఓమ్‌లది తీసుకుంటే యంత్రం బలమంతా ఇప్పుడే బయటికొస్తుందన్నాడు. ఎనిమిది ఓమ్‌లదైతే పెట్టె ఎక్కువ అడ్డుపడుతుంది, బలంలో కొంత లోపలే ఉండిపోతుంది.

"ఎనిమిదిదే ఇవ్వు" అంది అక్క. "మా కర్మాగారం ఎలక్ట్రీషియన్‌ని అడిగే వచ్చా. ఇప్పుడే బలమంతా ఊడ్చిపెడితే, రేపు రెండో పెట్టె తగిలించినప్పుడు యంత్రం కాలి కూర్చుంటుంది."

"రెండో పెట్టె కూడా కొంటారా?"

"ఇంట్లో దూడ ఎదుగుతోంది నాయనా."

గేనా ఎంత నవ్వాడంటే, తగిలించే తీగ ఊరికే ఇచ్చేశాడు. జనరేటరు కరెంటు తూలినా తట్టుకునే యంత్రం చూసి ఇచ్చాడు. వేడెక్కితే తనంతట తానే ఆగిపోతుంది, వెనకున్న గాలి జాలీ మాత్రం మూయొద్దని రెండుసార్లు చెప్పాడు. అక్క రెండుసార్లూ తలూపింది. నేనూ విన్నాను.

పెళ్ళిరోజు కర్కిరాలో పొద్దున్నుంచీ వాన. బయట పచ్చికలో వాయిద్దామనుకున్నవాళ్ళం సతార్ తాత పెద్ద ఉన్ని గుడారంలోకి చేరాల్సొచ్చింది. లోపల పెద్దవాళ్ళు. బయట టార్పాలిను కింద కుర్రకారంతా డాన్సులకి సిద్ధంగా ఉన్నారు. అంటే మా పాట ఉన్ని గోడలు దాటి వాళ్ళకి చేరాలి. అక్కకి ఇంతకంటే గట్టి పరీక్ష నేను కావాలని పెట్టినా కుదిరేది కాదు.

అక్క పెట్టెని భుజాన వేసుకుని గుడారంలోకి అడుగుపెట్టగానే సతార్ తాత భార్య కలీపా అవ్వ ఎదురొచ్చింది. జోల్దోష్ ఊరుకుంటాడా? "అవ్వా, ఇది పెట్టె కాదు, పాడి ఆవు" అని కథంతా చెప్పేశాడు. అవ్వ చేతులు బుగ్గలకి ఆనించుకుంది.

"ఆవునిచ్చి తెచ్చుకున్నదాన్ని తలుపు దగ్గర చెప్పుల పక్కన పెడతారటే! నా ఇంటి పరువేం కావాలి?"

తలుపుకి ఎదురుగా, అందరికంటే పెద్దవాళ్ళు కూర్చునే చోటుని మేం తోర్ అంటాం. దాని వెనకే ఇంట్లోని బొంతలన్నీ గోడలా పేర్చి ఉంటాయి. అవ్వ ఇద్దరు మనవళ్ళ చేత పెట్టెనీ, దాని మీద యంత్రాన్నీ ఆ బొంతల దొంతర మీదికి ఎక్కించింది. పైన తన పెళ్ళినాటి కుట్టుపని మఖమలు గుడ్డ కప్పింది. గుప్పెడు మిఠాయిలు దాని మీద చల్లింది. వచ్చినవాళ్ళంతా కొత్త వస్తువు చూసినందుకు ఏదో ఒకటి దాని ముందు పెడుతున్నారు. ఒకాయన పెరుగు ఉండలు పెట్టాడు. అక్క మెల్లిగా గుడ్డ అంచు పైకి మడిచింది. అవ్వ వెంటనే కిందికి లాగింది. పెద్దావిడ ప్రేమగా చేసే మర్యాదని కాదనడం మా మనుషుల వల్ల అయ్యే పని కాదు.

గాలి జాలీ నాకు గుర్తొచ్చింది. నోరు తెరిచి చెప్పొచ్చు. చెప్పలేదు. ఇది రాయడానికి ఇప్పటికీ నాకు చెయ్యి ఆడటం లేదు, కానీ నిజం ఇదే.

పాట మొదలుపెట్టాం. బొంతలు బేస్‌ని తాగేస్తున్నాయి. మఖమలు మిగిలింది మింగేస్తోంది. నా చిన్న స్పీకర్ల హోరు ఉన్ని దాటేసరికి బయట ఏ తాళమూ అందలేదు. తలుపులోంచి చూస్తే కుర్రాళ్ళు చేతులు కట్టుకుని నిలబడి ఉన్నారు. రెండో పాట మధ్యలో యంత్రం మీద ఎర్రదీపం వెలిగింది. బేస్ ఆగిపోయింది. నా ఎడమ చెయ్యి నన్నడక్కుండానే మీటల మీదికి వెళ్ళి ఆ పని అందుకుంది.

అక్క నా చెయ్యి చూసింది. నా మొహం చూడలేదు. అంతకంటే తిట్టినా బాగుండేది.

పాట అయ్యాక గిటారు పక్కన పెట్టి లేచి, కలీపా అవ్వ ముందు మోకాళ్ళ మీద కూర్చుంది.

"అవ్వా, తప్పు నాది. ఇదెవరో మీకు సరిగ్గా చెప్పలేదు. ఇది చుట్టం కాదు, కొత్త కోడలు."

"కోడలా?"

"నిన్నగాక మొన్న మా ఇంటికొచ్చింది. కొత్త కోడలు తోర్‌లో బొంతలెక్కి కూర్చుంటే పెళ్ళివారికి టీ ఎవరు పోస్తారు చెప్పండి? నేను ఎనిమిదేళ్ళు తలుపు దగ్గర కూర్చుని పోశా. దీనికేం ఎక్కువొచ్చింది?"

గుడారమంతా గొల్లుమంది. సతార్ తాతకి నవ్వుతో దగ్గొచ్చింది. అవ్వ వేలు చూపిస్తూ, "కోడలైతే దింపండి, దింపండి! తలుపు దగ్గర కూర్చోబెట్టండి! నేనూ అక్కడే మొదలెట్టాను" అంది. మఖమలు గుడ్డ తనే లాగేసింది.

అక్క ఎవరి కోసమూ ఆగలేదు. యంత్రంతో సహా పెట్టెని పిండి బస్తాలా హత్తుకుని ఎత్తి, తలుపు పక్కన, నా కీబోర్డుకి ఆనుకుని, ఉన్ని పరుపులు పక్కకి లాగి వట్టి నేల మీద దించింది. వానగాలి యంత్రానికి తగిలింది. ఎర్రదీపం ఆరి పచ్చది వెలిగింది. అక్క బొత్తాల్లో మధ్యది కాస్త పైకి తిప్పింది. నా వైపు చూడకుండానే అంది.

"మొదలెట్టరా."

మొదలెట్టాను. నాలుగు దెబ్బలు జోల్దోష్‌వి, అయిదోది అక్కది. నేల కదిలింది! పెద్ద చప్పుడు కాదది. కూర్చున్నవాళ్ళ ఒళ్ళోంచి పుట్టినట్టు వచ్చింది. గిన్నెల్లో పులిసిన గుర్రప్పాల కుమిస్ మీద చిన్న చిన్న వలయాలు లేచాయి. నా గొంతుకి ఉన్ని గోడలు అడ్డమయ్యాయి గానీ ఆ బేస్‌కి అవి అడ్డమే కాలేదు. టార్పాలిను కింద ఒకమ్మాయి భుజం కదిలింది, పక్కవాడి కాలు కదిలింది, ఇంకో నిమిషానికి అందరూ! వంటపొయ్యి దగ్గర మాంసం కలిపేవాళ్ళు గరిటెలు పట్టుకునే ఊగుతున్నారు. వాగు అవతల గుర్రాలు కాస్తున్న ముసలాయన కళ్ళేలు వదిలేసి కల్పక్ పైకి ఎత్తాడు. మా బిష్కెక్ లెక్కలో అది వినపడటం లేదనే సైగ. ఆయన మాత్రం దాన్ని గాల్లో గిరగిరా తిప్పుతున్నాడు. జోల్దోష్ మొహం చూడాలి! పదేళ్ళుగా చీకట్లో నడిచినవాడికి చెయ్యి అందినట్టు ఆమెనే చూస్తూ వాయించాడు.

నా ఎడమ చెయ్యి ఇంకా మీటల మీదే ఉంది. అడుగు స్వరాలు వాయిస్తూనే ఉంది. ఆ పక్కన నడుస్తున్న అసలైన బేస్ విన్నాక దాని సంగతి దానికే తెలిసిపోయింది. ఒక స్వరం తప్పింది, ఇంకోటి తప్పింది, తరవాత ఆగింది. ఆ చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో నాకు తెలియలేదు. పక్కనే ఉన్న పెట్టె మీద పెట్టాను. వెచ్చగా ఉంది. అరచేయి నుంచి మోచేతి దాకా ఆమె వాయిస్తున్న ప్రతి స్వరమూ ఎక్కింది. ఇన్నేళ్ళు పక్కనుండీ నేను వినంది అంతా ఆ చేతిలోకి వచ్చింది. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పాటలో మాటలు మర్చిపోయి లలలా అన్నాను.

అక్క వాయిస్తూనే వంగి నా చెవిలో అంది.

"ఏరా, పాలు పితుకుదామనా? చెయ్యి తీసి రెండు చేతులా నీ పాట వాయించుకో. కింద నేనున్నాను."